తల వంచిన బకెట్టు

పాలెం, చీమకుర్తి
19-1-1987

తమ్ముడు ఇమ్మానియేలుకి, మరదలు ఎలీసమ్మకి మీ అక్క రెబ్కా వందనాలు. ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం తిని తిరుగుతున్నాం. మీరూ అలాగే ఉన్నారని తలుస్తాను.

ఒరేయ్, కూర్చుని చదువు. నిలబడి చదివితే పడిపోతావు. మీ బావ ప్రొక్లెయిన్ కొంటున్నాడు! నువ్వు ఆ రామగుండం బొగ్గు గనిలో ఎక్కి కూర్చుని తవ్వుతుంటావే, ఆ జాతి యంత్రమే. నీది కంపెనీది, ఇది మనది, అంతే తేడా. కొత్తది కాదులే. ఎక్కడెక్కడో కాలవ పనుల్లో తిరిగి తిరిగి ఒంగోలు చేరింది. ఇప్పుడు ఒక ఆసామి దాన్ని చీమకుర్తి రోడ్డు పక్కన పెట్టి అమ్ముతున్నాడు. పసుపు రంగు కొట్టించాడు, పెళ్ళికూతురిలా మెరిసిపోతోంది.

ఇక్కడ నల్లరాయి క్వారీలు ఒకదాని వెనక ఒకటి లేస్తున్నాయి. రాయి మీద మట్టి తీయడానికి ఇన్నాళ్ళూ మన పాలెం మనుషులమే గడ్డపారలు, తట్టలు పట్టుకుని దిగాం. మీ బావ క్రీస్తుదాసు మేస్త్రీ అన్న మాటేగానీ ఆయనా తట్ట మోసినవాడే. యంత్రం ఉంటే మట్టి మోసేవాళ్ళం కాస్తా మట్టి తీయించేవాళ్ళం అవుతాం. అందుకే నాన్న కొన్న మిరప చేను అమ్మి దీన్ని తీసుకుందామనుకున్నాం. ఊళ్ళో పేరయ్య చేను తీసుకుంటానన్నాడు. చేనులో సగం నీది కాబట్టి నువ్వు సంతకం పెట్టాలి. యంత్రంలోనూ సగం నీదే.

అసలు సంగతి ఇప్పుడు చెబుతా విను. మొన్న శనివారం యంత్రం చూడ్డానికి వెళ్తూ మన చర్చి ఆదాం అయ్యగారిని కూడా తీసుకెళ్ళాం. ప్రార్థన చెయ్యకుండా మనం మేకపిల్లనైనా కొనం కదా. బకెట్టుకి బంతిపూల దండ కట్టాం. ఆసామి ఇంజను వేసి దాన్ని ఇంటికప్పు కన్నా ఎత్తుకు లేపాడు. ఆ చప్పుడుకి మాట వినపడదని ఇంజను ఆపించి, అందరం దాని కింద నిలబడి కళ్ళు మూసుకున్నాం. అయ్యగారి సంగతి నీకు తెలుసుగా, మొదలెడితే ఆదికాండం నుంచి వస్తారు. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి ఏమైందో తెలుసా? అంత ఎత్తున ఉన్న బకెట్టు కిందికి వంగి ఉంది! దండ అయ్యగారి తలకి తగులుతోంది! ఎవరూ తాకలేదు, ఎవరూ పైకెక్కలేదు. మీ బావ “స్తోత్రం!” అని ఒక్క కేక వేశాడు చూడు, రోడ్డు మీద పోయే లారీ ఆగింది. ఇనప యంత్రం ప్రార్థనకి తల వంచిందిరా! ఏ ఆసామి యంత్రానికి జరిగిందట అలా?

అమ్మకం కాయితం ఇందులోనే పెట్టాను, సంతకం చేసి తొందరగా పంపు.

నేల మీద కాలు నిలవని నీ అక్క,
రెబ్కా


రామగుండం
27-1-1987

అక్కకి, బావకి ఇమ్మానియేలు వందనాలు. ఎలీసమ్మ కులాసా. నువ్వు పంపిన ఊరమిరపకాయలు అయిపోయాయని చెప్పమంది.

నీ ఉత్తరం చదువుతూ ముందు నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. అక్కా, ఆ యంత్రం కొనొద్దు. బయానా ఇచ్చి ఉండకపోతే ఇవ్వొద్దు.

ఎత్తిన బకెట్టుని పైన నిలబెట్టేది ఇనుము కాదు, గొట్టాల్లో బిగించి ఉన్న ఆయిలు. ఇంజను ఆపినా ఆ ఆయిలు బకెట్టుని అలాగే పట్టుకుని ఉండాలి. లోపలి రబ్బరు ప్యాకింగులు అరిగిపోతే ఆయిలు జారిపోతుంది, బరువుకి బకెట్టు మెల్లగా దిగిపోతుంది. మీరంతా చూసింది అదే. పాత యంత్రం కొనేటప్పుడు మేం కావాలనే బకెట్టు ఎత్తి, ఇంజను ఆపి, టీ తాగి వచ్చి చూస్తాం. మీకు టీకి బదులు ప్రార్థన అయింది. అయ్యగారు ఇంకో రెండు కీర్తనలు పాడించి ఉంటే మీ బకెట్టు నేల మీద సాష్టాంగపడేది.

ఇంకో మాట. మీరు వెళ్ళేసరికి ఇంజను వెచ్చగా ఉందా? వెచ్చగా ఉంటే ఆసామి ముందే తిప్పి పెట్టాడని. రోగం ఉన్న ఇంజను వేడి మీద బాగానే అంటుకుంటుంది, చల్లారాక మొండికేస్తుంది. అందుకే అది చల్లగా ఉన్నప్పుడు మన ఎదురుగా వెయ్యాలి. కొత్త రంగు చూసి మురిసిపోకు. ముసలి యంత్రానికి రంగు వేశారంటే దాని కింద ఏదో అతుకు ఉందనే నా అనుమానం.

ఈ సంగతులు తేలేదాకా సంతకం పంపను. కోపం తెచ్చుకోకు.

నీ తమ్ముడు,
ఇమ్మానియేలు


పాలెం, చీమకుర్తి
5-2-1987

ఇమ్మానియేలుకి రెబ్కా రాయునది.

వందనాలు తర్వాత. ముందు నా కడుపుమంట చల్లారాలి.

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను మిరపకోతకి పోయాను. మీ బావకి చదువు రాదని నీకు తెలుసు. పెద్ద ఆపరేటరు రాసిన ఉత్తరం కదా అని మురిసిపోయి, చర్చి ముందు అరుగు మీద నలుగురినీ కూర్చోబెట్టి చదివించాడు. చదివింది ఎవరనుకున్నావు? ఆదాం అయ్యగారే! సాష్టాంగం మాట దాకా వచ్చి కూడా ఆయన ఆగలేదట. ఉన్నదున్నట్టు చదివి, కళ్ళద్దాలు తీసి, ఉత్తరం మడిచి మీ బావ చేతిలో పెట్టి “వస్తాను దాసూ” అని లేచి వెళ్ళిపోయారట. నీకు బాప్తిస్మం ఇచ్చిన చేతులురా అవి! ఆదివారం ఆయనకి ఎదురుపడలేక నేను చర్చిలో వెనక గుంజ చాటున కూర్చున్నాను.

ఇంకా విను. అప్పటికే మీ బావ చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పేశాడు. “దేవుడు మా కుటుంబాన్ని చూశాడు, యంత్రం చేత తల వంచించాడు” అని అందరి ముందూ కళ్ళనీళ్ళు పెట్టుకుని చెప్పాడు. ఆ మాట మార్టూరు దాకా పాకింది. జనం బళ్ళు కట్టుకుని వచ్చి చూసి పోతున్నారు. ఊళ్ళోంచి వీరమ్మ గారు వచ్చి బకెట్టుకి పసుపు రాసి కుంకుమ పెట్టి దణ్ణం పెట్టుకుని పోయింది. ఇప్పుడు మేం వెళ్ళి, అబ్బే, అది భక్తి కాదండీ, ఆయిలు కారిందండీ అని చెప్పాలా? మీ బావ తలెక్కడ పెట్టుకోవాలి?

ఆసామిని అడిగాం. ఇంత పాత యంత్రానికి ఆ మాత్రం దిగడం మామూలే, మీకు అదృష్టం కలిసొచ్చి ప్రార్థనప్పుడు దిగింది అన్నాడు. బయానా ఇంకా ఇవ్వలేదు, నీ సంతకం కోసమే ఆగాం.

నేను ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. నువ్వు జీతానికి యంత్రం ఎక్కేవాడివి. తట్ట మోసిన మీ బావ యంత్రానికి ఓనరు అవుతాడంటే నీకు కంటగింపుగా ఉందా? పరాయివాళ్ళు ఏడిస్తే ఏడుస్తారు. తోడబుట్టినవాడివి నువ్వే కళ్ళల్లో నిప్పులు పోసుకుంటే ఎవరితో చెప్పుకోవాలి?

రెబ్కా


రామగుండం
13-2-1987

అక్కకి,

నీ ఉత్తరం నాలుగు సార్లు జేబులోంచి తీశాను, నాలుగు సార్లు పెట్టేశాను. డ్యూటీలో కూడా అదే ధ్యాస.

నిజం చెప్పమన్నావు, చెబుతున్నాను. నీ మొదటి ఉత్తరం చదివినప్పుడు కుళ్ళు పుట్టింది. లేదంటే అబద్ధం. పన్నెండేళ్ళుగా యంత్రం మీద కూర్చుంటున్నాను, ఒక్క బోల్టు నాది కాదు. బావ ఓనరు అవుతాడంటే గుండెల్లో కలుక్కుమంది. ఆ పూటంతా ఎలీసమ్మతో కూడా సరిగ్గా మాట్లాడలేదు. సాయంత్రానికి అది పోయింది. పోయాకే నీకు జవాబు రాశాను. నమ్మితే నమ్ము.

కానీ అక్కా, నా మనసు ఎలాంటిదైనా బకెట్టు దిగిన మాట దిగిందే కదా.

దండ అయ్యగారి తలకి తగిలిందని సంబరంగా రాశావు. ఆ దండ వెనకాల బకెట్టు ఉంది. బస్తాలు బస్తాల బరువు. పోయిన ఏడు మా గనిలో బాపయ్య అనే హెల్పరు ఎత్తి ఉన్న బకెట్టు నీడలో కూర్చుని బీడీ వెలిగించుకున్నాడు. అదీ ఇలాగే దిగింది, కాకపోతే అంత మెల్లగా దిగలేదు. కాలు తీసేశారు. రేపు క్వారీ గుంటలో ఆ బకెట్టు కింద నిలబడేది బావ. మన పాలెం మనుషులు. మీరు కళ్ళు మూసుకుని దాని కింద నిలబడ్డారని చదివినప్పుడు నా ప్రాణం పోయి వచ్చింది. ఆ భయాన్ని భయంలా రాయకుండా ఎగతాళిగా రాశాను. నా నోటి దురుసు నీకు తెలియంది కాదు. అయ్యగారి కాళ్ళ మీద పడి నా తరఫున క్షమాపణ అడుగు.

ఒక్క పని చెయ్యి. ప్రార్థన లేకుండా బకెట్టు ఎత్తించు. ఇంజను ఆపించి, దూరంగా నిలబడి చూడండి. ప్రార్థన లేకపోయినా దిగితే అది భక్తి కాదు. దిగకపోతే మరుసటి రోజే సంతకం పంపుతాను, చర్చిలో అందరి ముందూ నన్ను తిట్టించు.

ఇమ్మానియేలు


పాలెం, చీమకుర్తి
3-3-1987

నా తమ్ముడు ఇమ్మానియేలుకి, మరదలికి అక్క వందనాలు.

ఈసారి ఉత్తరం నేనే తీసుకున్నాను, నేనే చదువుకున్నాను. బాపయ్య సంగతి చదివాక అన్నం సయించలేదు. మీ బావతో అంటే, “దేవుణ్ణి పరీక్ష పెడతామా?” అని గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఇక లాభం లేదని అయ్యగారి దగ్గరికి పోయి ఉత్తరం ఆయన ముందు పెట్టాను. మొదటి నుంచి చివరిదాకా చదివారు. నీ క్షమాపణ దగ్గర నవ్వారు కూడా. “నా ప్రార్థన పొడుగని అందరూ చాటున అంటారు. వాడొక్కడే రాతపూర్వకంగా అన్నాడు. పద రెబ్కమ్మా, దాసుని కూడా లేపు” అన్నారు.

ముగ్గురం వెళ్ళాం. నేను ఇంజను రేకు మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది! ఆసామి నవ్వుతూ “వేసి చూపించనా అమ్మా” అన్నాడు. “వద్దులేండి, చల్లారనివ్వండి” అన్నాను. “ఎంతసేపు కూర్చుంటారమ్మా ఎండలో?” అన్నాడు. అయ్యగారు చేతిసంచి దించి, “మాకేం తొందర్లేదు బాబూ, అన్నం తెచ్చుకున్నాం” అన్నారు. తెచ్చుకున్నాం కూడా. అక్కడ ఆగి ఉన్న ఒక లారీ నీడలో కూర్చుని గోంగూర పచ్చడి అన్నం తిన్నాం. ఆసామికీ ఒక ముద్ద పెట్టాను, పాపం ముద్ద దిగలేదు. పొద్దు వాలేదాకా కూర్చున్నాం.

ఈలోగా మీ బావ ఊరికే ఉండలేక మిరప గోతాలు కుట్టే దబ్బనంతో బకెట్టుని ఎత్తే చెయ్యి, అదే బూము, దాని కింద రంగు గీకడం మొదలెట్టాడు. ఆసామి వద్దు వద్దంటూనే ఉన్నాడు. రంగు కింద వెల్డింగు అతుకు ఉంది, దాని పక్కనే ఇంకోటి. మీ బావ దబ్బనం తుడిచి మొలలో పెట్టుకున్నాడు.

చల్లారాక ఇంజను వెయ్యమన్నాం. గుర్రు గుర్రుమని మూలిగిందే తప్ప అంటుకోలేదు. చివరికి ఎలాగో అంటుకున్నాక నీలం పొగ కక్కింది, మేం ముగ్గురం దగ్గుకుంటూ దూరం పోయాం. బకెట్టు ఎత్తించాం, ఇంజను ఆపించాం. అయ్యగారు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, “ఈసారి ఎవ్వరూ కళ్ళు మూయొద్దు” అన్నారు. మా కళ్ళ ముందే బకెట్టు దిగడం మొదలెట్టింది. ఎండిపోయిన దండ, వీరమ్మ గారి కుంకుమ, అన్నీ దాంతోపాటే దిగాయి.

ఆదివారం పొద్దున్నే మీ బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని “పద” అన్నాడు. చర్చిలో సాక్ష్యాల వేళ లేచి నిలబడ్డాడు. ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాస్తున్నాను: “ఆ రోజు నేను ఇక్కడే నిలబడి యంత్రం దేవుడికి తల వంచిందని చెప్పాను. తప్పు చెప్పాను. అది వంచలేదు, దాని ఆయిలు కారిపోయింది. కొనబోయే సంబరంలో నాకు కళ్ళు కనపడలేదు. దేవుడి పేరు చెప్పి మిమ్మల్నందరినీ నమ్మించాను, క్షమించండి. మీలో ఎవరూ ఆ బకెట్టు కింద నిలబడొద్దు.” వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పుడు అయ్యగారు లేచి, “ఇదీ సాక్ష్యమంటే” అన్నారు. అంతే, అందరూ ఆమెన్ అన్నారు.

ఒరేయ్, ఆయన్ని కట్టుకుని ఇన్నేళ్ళయింది. ఆ రోజు చూసినంత గర్వంగా ఆయన వంక ఎప్పుడూ చూడలేదు. సోమవారం మార్టూరు నుంచి ఇంకెవరో అదే యంత్రానికి బేరమాడుతున్నారని తెలిసి, మీ బావ బస్సెక్కి అక్కడికి పోయి వాళ్ళకీ అంతా చెప్పి వచ్చాడు. ఆసామి ఇప్పుడు మమ్మల్ని చూస్తే మొహం తిప్పుకుంటున్నాడు.

నిన్ను అనరాని మాటలన్నాను. అక్కని, మనసులో పెట్టుకోకు. యంత్రం లేదు కాబట్టి సంతకం సంగతి మర్చిపో. చేను చేనులా ఉంటుంది.

నీ అక్క,
రెబ్కా


రామగుండం
12-3-1987

అక్కకి, మా బావకి, అయ్యగారికి వందనాలు.

నీ ఉత్తరం మా క్యాంటీన్లో ఆపరేటర్లందరికీ చదివి వినిపించాను. మీరు అన్నం మూట విప్పి కూర్చున్న దగ్గర అందరూ బల్లలు చరిచి నవ్వారు. బావ సాక్ష్యం దగ్గర ఎవరూ నవ్వలేదు. ఇరవై ఏళ్ళుగా యంత్రాలు నడుపుతున్న మా పెద్దాయన ఒకడు “ఎవరయ్యా ఆ మేస్త్రీ?” అని అడిగాడు. “మా అక్క మొగుడు” అని చెప్పాను. ఎంత గట్టిగా చెప్పానంటే పక్క బల్ల వాళ్ళు తలతిప్పి చూశారు.

చేను అమ్మకం కాయితం మీద సంతకం పెట్టి ఇందులోనే పంపుతున్నాను. యంత్రం లేదుగా అంటావు. ఉంటుంది. ఇంకోటి వెతకండి. నేను సంతకం ఆపింది చేను మీద ఆశతో కాదు. మీరు మోసపోతారని. ఇప్పుడు ఆ భయం లేదు. ఈసారి సెలవు పెట్టి వచ్చి నేను చూడాలేమో అనుకున్నాను గానీ, రాను. చల్లారేదాకా అన్నం తింటూ కూర్చున్న మనుషులకి నేను వచ్చి చెప్పేదేముంది?

బావని ఒక్కసారి ఏదైనా ఉత్తరంలో వేలిముద్ర వెయ్యమను. చూసుకుంటాను.

మీ తమ్ముడు,
ఇమ్మానియేలు


పాలెం, చీమకుర్తి
24-5-1987

బంగారు తమ్ముడికి, మరదలికి అక్క రెబ్కా రాయునది. పైన నల్లగా కనపడేది సిరా మరక కాదు, మీ బావ వేలిముద్ర. గ్రీసుతో వేశాడు.

గ్రీసు ఎక్కడిదంటావా? మన యంత్రానిది!

తాడేపల్లిలో దొరికింది. చూడ్డానికి బొత్తిగా బాగోదు. రంగు లేదు, తుప్పు పట్టి సొట్టలు పడి, మునక్కాయ అమ్మే ముసలమ్మలా ఉంది. అమ్మినావిడ పేరు కరీమున్. ఆమె భర్త దాన్ని నడిపేవాడు, మోకాళ్ళు పట్టేసి ఎక్కలేకపోతున్నాడు. మేం వస్తున్నామని కార్డు రాస్తే, ఆ పొద్దున ఇంజను ముట్టుకోకుండా ఉంచారు. “చల్లగానే ఉంది, మీరే చెయ్యి వేసి చూడండి” అంది. చూశాం. మొదటి పట్టుకే అంటుకుంది. నల్లపొగ కాస్త వచ్చి సర్దుకుంది. తిరిగేటప్పుడు కుడివైపు కీచుమంటుందని, ఒక గొట్టం త్వరలో మార్చాలని మేం అడగకముందే ఆమె చెప్పింది. బకెట్టు ఎత్తించి ఇంజను ఆపించి, కృష్ణ ఒడ్డుకి పోయి కాళ్ళు కడుక్కుని, మజ్జిగ తాగి తీరిగ్గా వచ్చాం. పెట్టిన చోట పెట్టినట్టే ఉంది. అయ్యగారు ఈసారి బేరం కుదిరాకే ప్రార్థన చేశారు.

కరీమున్ వాళ్ళ ఆపరేటరు కుర్రాడే వచ్చి నడుపుతున్నాడు. మీ బావ పక్కన కూర్చుని నేర్చుకుంటున్నాడు. మార్టూరులో ఒక క్వారీ మట్టి పని ఒప్పుకున్నాం. నీ సగం నీకుంది, మర్చిపోకు.

అసలు ఈ ఉత్తరం నిన్న జరిగింది రాద్దామని మొదలెట్టాను. పేరయ్య వచ్చాడు. మన చేను కొన్న పేరయ్యే. నువ్వు చూసే ఉంటావు, పని ఉంటే ఆయన మన పాలెంలో అడుగు పెట్టకుండా మొదట్లోనే ఆగి, అక్కణ్ణుంచే “ఒరేయ్ దాసూ” అని కేకేసేవాడు. మీ బావ తింటున్న కంచం వదిలి పరిగెత్తేవాడు. నిన్న నేను పొయ్యి దగ్గరున్నాను. మీ బావ మంచం మీద కూర్చుని కాలికి గుచ్చుకున్న ముల్లు తీసుకుంటున్నాడు. “క్రీస్తుదాసు గారున్నారాండీ?” అని గుమ్మంలో ఎవరో అడిగారు. మీ బావ కదల్లేదు. ఇంకెవర్నో అడుగుతున్నారనుకున్నాడు. నేను బయటికొచ్చి చూస్తే పేరయ్య, మన గుమ్మం ముందు!

చేను చదును చెయ్యాలట, మన యంత్రం కావాలట. మీ బావ లేచి నిలబడబోయాడు. లేవబోయి, ఏమనుకున్నాడో, మంచం మీద పక్కకి జరిగి “కూర్చోండి” అన్నాడు. పేరయ్య ఒక్క క్షణం అటూ ఇటూ చూసి కూర్చున్నాడు. “మార్టూరు పని మాట ఇచ్చేశాం. అదయ్యాక మీదే” అన్నాడు మీ బావ. “అలాగేనండి” అన్నాడాయన. టీ పెట్టి ఇచ్చాను. మన గ్లాసులోనే ఇచ్చాను. తాగాడు.

ఆయన వెళ్ళాక మీ బావ ముల్లు సంగతి కూడా మర్చిపోయాడు. తర్వాత నన్ను పిలిచి, “ఇందాక నన్ను ఏమని పిలిచాడు?” అని అడిగాడు. చెప్పాను. “ఇంకోసారి అను” అన్నాడు. అన్నాను.

ఇట్లు,
క్రీస్తుదాసు గారి భార్య, నీ అక్క,
రెబ్కా